టోన్ ఎక్కడిదాకా ఉంది?

మా ఆళ్ళగడ్డ ఇంట్లో ల్యాండ్‌లైన్ మూగబోయినప్పుడల్లా సైకిల్ మీద ఒక లైన్‌మాన్ వచ్చేవాడు. 2003, 2004 నాటి మాట. నేను హైస్కూల్లో ఉన్నా. మేం గుమ్మంలోనే ఎదురెళ్ళి "ఫోన్ పోయింది" అని చెప్పేవాళ్ళం. ఆయనకి ఆ మాట నచ్చేది కాదు. "ఫోన్ యాడికీ పోల్యా. టోన్ యాడిదాంక వస్తాందో సూడల్ల" అనేవాడు. ఆ తర్వాత చేసే పని ఎప్పుడూ ఒకటే. గోడకున్న చిన్న పెట్టె మూత విప్పి, సంచిలోంచి రెండు క్లిప్పులు వేలాడే తన ఫోన్ తీసి, ఆ క్లిప్పులు తీగలకి తగిలించి చెవిన పెట్టుకునేవాడు. ఇక్కడ టోన్ వస్తే మా ఫోన్‌దే తప్పు. రాకపోతే వీధి మలుపులో స్తంభం మీదున్న డీపీ డబ్బా దగ్గరికి. అక్కడ వస్తే స్తంభానికీ మా ఇంటికీ మధ్య ఎక్కడో తెగింది. అక్కడా రాకపోతే ఎక్స్‌ఛేంజి దాకా ఉన్న లైనంతా అనుమానమే. అప్పుడు నిచ్చెన దిగి "మీ ఇల్లు బాగుండాది, ఊరే బాగల్యా" అని నవ్వి వెళ్ళిపోయేవాడు.

తర్వాత నేను నంద్యాలలో ఇంజనీరింగ్ చదివాను, నెట్‌వర్క్‌ల పుస్తకంలో ఏడు పొరల బొమ్మ బట్టీ పట్టాను, హైదరాబాద్‌లో పన్నెండేళ్ళకు పైగా ఇదే రకం పని చేసి జీతం తీసుకుంటున్నాను. కానీ ఏదైనా మెషీన్‌లో నెట్ రాకపోతే నేను చేసేది ఆ సైకిల్ మనిషి చేసిందే. అయితే ఈ వ్యాసం ఆయన గురించి కాదు. లినక్స్ ల్యాప్‌టాప్‌లో కేబుల్ పెడితే నెట్ వచ్చి, వైఫై మాత్రం రాకుండా సతాయించిన కాలం ఒకటి ఉంది. మా తరంలో లినక్స్ వాడినవాళ్ళందరికీ ఆ రాత్రులు గుర్తుండే ఉంటాయి. తీగకీ, తీగ లేనిదానికీ మధ్య ఆ తేడా ఎలా వచ్చిందన్నదే నా ప్రశ్న. చాలాకాలం అది టెక్నికల్ తేడా అనుకున్నాను. కాదు.

ముందు ఒక చిన్న పక్కదారి. తెలుగులో ఈ వ్యవహారానికి మంచి మాటలే ఉండేవి. టెలిగ్రాఫ్ తీగని 'తంతి' అన్నాం, పోస్టాఫీసు బోర్డుల మీద 'తంతి తపాలా' అని రాసుకున్నాం, రేడియో వచ్చాక 'నిస్తంత్రి' అన్నాం. 2013 జులైలో టెలిగ్రాం సేవ ఆగిపోయాక ఆ మాట మన నోళ్ళలోంచి దాదాపు వెళ్ళిపోయింది. చట్టంలోంచి మాత్రం వెళ్ళలేదు. ఇంట్లో వైఫై రౌటర్ పెట్టుకోవడం మొన్నమొన్నటిదాకా 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం, 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టాల నీడలోనే జరిగింది. 1933 చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరం దగ్గర ఉంచుకోవడమే నేరం. మన రౌటర్లు నేరం కాకుండా పోయింది 2005 జనవరిలో వచ్చిన ఒక మినహాయింపు వల్ల. 2.4 నుంచి 2.4835 గిగాహెర్ట్జ్ మధ్య తక్కువ శక్తితో పనిచేసే పరికరాలకి లైసెన్సు అక్కర్లేదని అందులో ఉంది. పాత చట్టాల స్థానంలో కొత్త టెలికమ్యూనికేషన్స్ చట్టం వచ్చింది 2023లో.

ఈ చట్టం గొడవ ఇక్కడెందుకంటే, అది కాగితం మీదే కాదు, లినక్స్ లోపల కూడా కూర్చుని ఉంటుంది. ఏ దేశంలో ఏ ఛానెళ్ళు వాడొచ్చో చెప్పే పట్టిక ఒకటి ఉంటుంది. ల్యాప్‌టాప్‌కి తను ఏ దేశంలో ఉందో తెలియకపోతే '00' అనే కోడ్ వేసుకుని, అన్ని దేశాలకీ భయపడుతూ నడుస్తుంది. 12, 13 ఛానెళ్ళలో తనంతట తాను నోరు విప్పదు. అమెరికా కోడ్ పడితే ఆ రెంటినీ అసలు చూడనే చూడదు. మన దేశంలో 13వ ఛానెల్ దర్జాగా వాడుకోవచ్చు. హాస్టల్ రౌటర్ 13 మీద ఉంటుంది, అందరి ఫోన్లకీ కనబడుతుంది, ఒక్క లినక్స్ ల్యాప్‌టాప్‌కి మాత్రం కనబడదు. ఇలాంటిది తగిలినప్పుడు పాస్‌వర్డ్ పది సార్లు కొట్టి లాభం లేదు. 'ఐడబ్ల్యూ రెగ్ గెట్' అని అడిగితే తనేదో అమెరికాలో ఉన్నాననుకుంటోందని తెలుస్తుంది. దాన్ని ఇండియాకి తీసుకురావాలి, లేదా రౌటర్‌ని 6కో 11కో మార్చాలి.

ఇక అసలు కథ. 2008లో ఉబుంటు 8.04 సీడీ పోస్టులో మా ఇంటికి వచ్చింది. అప్పట్లో షిప్‌ఇట్ అని ఉండేది. అడ్రసు రాస్తే చాలు, పైసా తీసుకోకుండా విదేశం నుంచి సీడీ పంపేవాళ్ళు. 2011 ఏప్రిల్లో ఆపేశారు. పోస్ట్‌మాన్ ఆ కవరు ఇస్తూ "అమెరికా సంబంధమా?" అని మా అమ్మని అడిగాడట. మామయ్య వాడి వదిలేసిన ల్యాప్‌టాప్ ఒకటి ఉంటే దాంట్లో ఎక్కించాను. స్క్రీన్ వచ్చింది, పాటలు వచ్చాయి, ఏదో పెద్ద పని చేసినట్టు ఛాతీ కూడా కాస్త ఉబ్బింది. వైఫై దీపం మాత్రం వెలగలేదు. చిప్ ఏ కంపెనీదో చెప్పను, అనవసరం. అప్పట్లో అలాంటివి అరడజను ఉండేవి.

కెర్నల్ తన గోడు రాసుకునే చిట్టా ఒకటి ఉంటుంది, 'డీమెసేజ్' అని కొడితే కనబడుతుంది. అందులో ఒక లైను ఉంది: ఫర్మ్‌వేర్ ఫైలు దొరకలేదు. అంటే కెర్నల్ చిప్‌ని గుర్తుపట్టింది, డ్రైవర్ కూడా తగులుకుంది. చిప్ లోపల నడవాల్సిన చిన్న ప్రోగ్రామ్ మాత్రం లేదు. చిప్ కంపెనీ దాన్ని పంచుకోవడానికి అనుమతి ఇవ్వలేదు కాబట్టి సీడీలో పెట్టలేదు. నెట్‌లోంచి దించుకోవాలి. వైఫై రావాలంటే ఫర్మ్‌వేర్ కావాలి, ఫర్మ్‌వేర్ రావాలంటే నెట్ కావాలి. పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు, పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు.

బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో ఉన్నవాడికి ఇది పది నిమిషాల చిరాకు. ఇంట్లో మోడెమ్‌కి కేబుల్ ఉంటుంది, పెట్టి దించుకుంటాడు. ఆళ్ళగడ్డలో మా ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ లేదు. నేను ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని సిరివెళ్ళ మీదుగా నంద్యాల బస్సెక్కాను. నలభై కిలోమీటర్ల పైచిలుకు. ఒక నెట్ సెంటర్లో గంటకి డబ్బులు కట్టి, వాళ్ళ కంప్యూటర్ వెనకనుంచి కేబుల్ పీకి నా ల్యాప్‌టాప్‌కి పెట్టాను. ఓనర్ గల్లాపెట్టె దగ్గర్నించి లేచి వచ్చాడు. "ఏంది నువ్వు చేసేది? ఆ తీగ మీద చెయ్యెందుకు పడింది?" వైరస్ ఎక్కిస్తున్నాననుకున్నాడు. ఆయన్ని బతిమాలుతుండగానే ల్యాప్‌టాప్‌కి అడ్రసు వచ్చేసింది. ఏ డ్రైవరూ ఎక్కించలేదు, ఏదీ అడగలేదు. కేబుల్ పెట్టగానే నెట్. ఆ రోజు నాకు ఓనర్ కోపం కన్నా ఇదే ఎక్కువ ఆశ్చర్యం. ఈ తీగకి అవసరమైన డ్రైవర్ ఎవరు రాసిపెట్టారు? ఆ ఎవరో వైఫైకి ఎందుకు రాయలేదు?

తీగకి రాసినాయన పేరు డొనాల్డ్ బెకర్. 1990ల్లో నాసా గొడార్డ్ కేంద్రంలో పనిచేసేవాడు. అక్కడే థామస్ స్టెర్లింగ్‌తో కలిసి 1994లో బేవుల్ఫ్ అనే ప్రయోగం చేశాడు. ఖరీదైన సూపర్ కంప్యూటర్ బదులు పదహారు మామూలు 486 కంప్యూటర్లని ఈథర్‌నెట్ తీగలతో కట్టి ఒక్కటిగా పనిచేయించడం. అది సాధ్యం కావాలంటే బజారులో దొరికే చవక నెట్ కార్డులన్నీ లినక్స్‌లో పనిచేయాలి. దాంతో ఒక్కొక్క కార్డుకీ కూర్చుని డ్రైవర్లు రాశాడు. రాసి అందరికీ ఇచ్చేశాడు. మన దగ్గర అసెంబుల్డ్ కంప్యూటర్లలో కుప్పలుగా వచ్చిన రియల్‌టెక్ 8139 కార్డుకి కూడా లినక్స్ డ్రైవర్ మొదట రాసింది ఆయనే. సూపర్ కంప్యూటర్ కొనే డబ్బుల్లేక మొదలైన పని అది. అదే తర్వాత నంద్యాల నెట్ సెంటర్లో నా చేతికి అందింది.

బెకర్ ఒక్కడి మంచితనమే అయితే కథ ఇక్కడే అయిపోయేది. కార్డు కంపెనీలు కూడా అప్పట్లో తమ చిప్‌లు లోపల ఎలా పనిచేస్తాయో చెప్పే పత్రాలు చాలావరకు బయటపెట్టేవి. ఏ రిజిస్టర్‌లో ఏ బిట్ వేస్తే ఏమవుతుందో తెలిస్తే డ్రైవర్ రాయడం ఓపిక పని, అంతే. వైఫై దగ్గర ఆ తలుపే మూసేశారు.

దీంట్లో ఒక తమాషా ఉంది. వంశవృక్షం చూస్తే తీగలేనిదే పెద్దది. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం ద్వీపాల మధ్య కంప్యూటర్లని రేడియోతో కలిపింది, దాని పేరు అలోహా. ఎవరికి ఎప్పుడు కావాలంటే అప్పుడు మాట్లాడొచ్చు. ఇద్దరి మాటలు ఢీకొంటే ఇద్దరూ తోచినంతసేపు ఆగి మళ్ళీ మొదలుపెట్టాలి. బాబ్ మెట్కాఫ్ ఆ ఆలోచనని గాల్లోంచి తీగలోకి దించాడు. 1973 మే 22న జిరాక్స్ పరిశోధన కేంద్రంలో రాసిన మెమోలో దానికి 'ఈథర్' పేరు పెట్టాడు. వెలుగు ప్రయాణించడానికి విశ్వమంతా నిండి ఉంటుందని పాత శాస్త్రజ్ఞులు నమ్మిన, నిజానికి లేని పదార్థం పేరు అది. అంటే మన నీలం కేబుల్‌కి పేరూ ఆలోచనా రెండూ గాలిలోంచే వచ్చాయి. 1997లో 802.11 ప్రమాణంతో మళ్ళీ గాల్లోకి వెళ్ళేసరికి మాత్రం లోకం మారిపోయి ఉంది.

కంపెనీలు చెప్పిన కారణం పూర్తిగా అబద్ధం కాదు. వైఫై చిప్ ఒక చిన్న రేడియో స్టేషన్. ఎంత శక్తితో, ఏ ఛానెల్లో ప్రసారం చేయాలో సాఫ్ట్‌వేర్ నిర్ణయిస్తుంది. ఆ సాఫ్ట్‌వేర్ అందరి చేతుల్లో పెడితే ఎవడో ఒకడు అనుమతి లేని చోట అరుస్తాడు, ప్రభుత్వం మమ్మల్ని పట్టుకుంటుంది, అన్నారు. భయం నిజమే కావచ్చు. కానీ 2008లో అథెరోస్ కంపెనీ ఓపెన్ డ్రైవర్ ఇచ్చింది, ఆ వెంటనే అంతకుముందు దాచిన భాగాన్ని కూడా బయటపెట్టింది. ఆకాశం ఏమీ కూలలేదు. 2010 సెప్టెంబర్లో బ్రాడ్‌కామ్ కూడా తన కొత్త చిప్‌లకి ఓపెన్ డ్రైవర్ విడుదల చేసింది. అప్పుడూ కూలలేదు. అందుకే ఆ భయంలో చట్టం పాలు కొంత, అలవాటు పాలు ఎక్కువ అని నా అనుమానం.

ఈ తలుపులు తెరుచుకునేదాకా జనం ఊరుకోలేదు. కొందరు విండోస్ డ్రైవర్‌నే తెచ్చి లినక్స్ కెర్నల్ లోపల ఒక ముసుగు తొడిగి నడిపారు. ఎన్‌డిస్‌వ్రాపర్ అంటారు, దాంతో తలనొప్పి పడినవాళ్ళకి నేను వేరే చెప్పక్కర్లేదు. ఇంకొందరు కష్టమైన దారి పట్టారు. బ్రాడ్‌కామ్ పాత చిప్‌లకి ఒక బృందం మూసిన డ్రైవర్‌ని విప్పి చూసి, అది ఏం చేస్తోందో మామూలు భాషలో రాసిపెట్టింది. రెండో బృందం మూసిన డ్రైవర్ వంక చూడకుండా, ఆ రాత మాత్రమే చదివి కొత్త డ్రైవర్ రాసింది. కాపీ కొట్టారన్న మాట రాకుండా ఈ అడ్డుగోడ. అలా వచ్చిన డ్రైవర్ 2006లో కెర్నల్ 2.6.17లో చేరింది. ఎంత చేసినా ఫర్మ్‌వేర్ ఒక్కటి కంపెనీదే. దాన్ని వాడుకునేవాడు కంపెనీ డ్రైవర్ ఫైలులోంచి కోసి తీసుకోవాలి, దానికో కత్తెర ప్రోగ్రామ్ కూడా రాశారు.

ఈ పనిలో తర్వాత దాదాపు ఇరవై ఏళ్ళు నిలబడిన మనిషి లారీ ఫింగర్. ఆయన వృత్తి కంప్యూటర్లు కాదు, రాళ్ళు. వాషింగ్టన్‌లో కార్నెగీ సంస్థ భూభౌతిక ప్రయోగశాలలో స్ఫటికాల మీద పనిచేశాడు. ఒత్తిడీ వేడీ మారినప్పుడు స్ఫటికం లోపలి అమరిక ఎలా మారుతుందో రాబర్ట్ హాజెన్‌తో కలిసి 1982లో పుస్తకం రాశాడు. ఎల్ సాల్వడార్‌లో ఇజాల్కో అగ్నిపర్వతం దగ్గర దొరికిన ఒక ఖనిజానికి ఆయన పేరు మీద ఫింగరైట్ అని పేరు పెట్టారు. రిటైరయ్యాక ఈయన లినక్స్ వైఫై డ్రైవర్లలోకి వచ్చి, బ్రాడ్‌కామ్, రియల్‌టెక్ చిప్‌ల మీద వెయ్యికి పైగా సవరణలు పంపాడు. కొత్త ల్యాప్‌టాప్ కొని, అందులో రియల్‌టెక్ చిప్‌ని కెర్నల్ ఇంకా గుర్తించక, ఏ దారీ లేక ఆయన పేరున్న కోడ్ భాండాగారంలోంచి డ్రైవర్ దించుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. అది ఒక పెద్దాయన ఇంట్లో కూర్చుని చేస్తున్న పని అని అప్పుడు తెలియదు. 2024 జూన్‌లో ఆయన పోయాడు. డ్రైవర్లు రాసేవాళ్ళ మెయిలింగ్ లిస్టులో ఆ కబురు చదివినప్పుడు నాకు మా ఆళ్ళగడ్డ శిల్పులు గుర్తొచ్చారు. అక్కడ రోడ్డు పక్కనే ఉలి చప్పుళ్ళు వినిపిస్తాయి. రాతిని ఎన్నుకునేటప్పుడు సుత్తితో చిన్నగా తట్టి చెవి పెట్టి వింటారు. లోపల బీట ఉంటే మోత తేడాగా ఉంటుంది. పైకి ఏమీ కనబడని వస్తువుని తట్టి, అది ఇచ్చే జవాబుని బట్టి లోపల ఏముందో చెప్పడం. మూసిన చిప్‌తో వాళ్ళు చేసిందీ అదే.

తట్టి వినడం అంటే ఇంకో పేరు చెప్పాలి. మైక్ మూస్, అమెరికా సైన్యం పరిశోధనశాలలో పనిచేసేవాడు. 1983 డిసెంబర్లో నెట్‌వర్క్ తిక్కగా ప్రవర్తిస్తుంటే కూర్చుని ఒక చిన్న ప్రోగ్రామ్ రాశాడు. అవతలి మెషీన్‌కి ఒక చిన్న పిలుపు పంపడం, జవాబు వస్తే ఎంతసేపట్లో వచ్చిందో చెప్పడం. జలాంతర్గాముల సోనార్ చప్పుడు గుర్తుగా 'పింగ్' అని పేరు పెట్టాడు. 2000 సంవత్సరంలో రోడ్డు ప్రమాదంలో పోయేదాకా ఆయన ఎన్నో పెద్ద పనులు చేశాడు గానీ లోకానికి ఈ చిన్నదే మిగిలింది. ఆయన తన పేజీలో పంచుకున్న ఒక ముచ్చట నాకు మహా ఇష్టం. ఒక నెట్‌వర్క్ అడ్మిన్ ఆఫీసులో కనెక్షన్ వస్తూ పోతూ ఉందట. ఎక్కడ వదులైందో తెలియడం లేదు. పింగ్‌కి జవాబు వచ్చినప్పుడల్లా కంప్యూటర్ 'పింగ్' అని పైకి అనేలా చేసి, స్టీరియో సౌండ్ పెంచి, బిల్డింగంతా తిరుగుతూ ఒక్కో కేబుల్ కదిపి చూశాడు. ఎక్కడ కదిపితే గొంతు ఆగిందో అక్కడే తప్పు. మా లైన్‌మాన్ వింటే 'మరి నేను జెప్పిందేంది' అనేవాడు.

ఫర్మ్‌వేర్ గొడవకి తిరిగొస్తాను, ఎందుకంటే అది తేలడానికి 2022 దాకా పట్టింది. డెబియన్ వాళ్ళు మొదటినుంచీ పట్టుదల మనుషులు. సోర్స్ లేని ఏ ముక్కా తమ అధికారిక ఇన్‌స్టాలర్‌లో ఉండకూడదన్నారు. ఇంగ్లీషులో ఫ్రీ అన్న ఒకే మాటకి రెండు అర్థాలున్నందుకు వాళ్ళు తలలు బద్దలు కొట్టుకుంటే, మనకి 'ఉచితం' వేరు, 'స్వేచ్ఛ' వేరు. తెలుగు రాష్ట్రాల్లో ఈ ఉద్యమం నడిపే సంస్థ పేరే స్వేచ్ఛ. డెబియన్ మాట్లాడింది ఆ స్వేచ్ఛ గురించే. నాకు వాళ్ళ మీద గౌరవం ఉంది. కానీ ఆ నియమం బరువు ఎవరి మీద పడిందో చూడండి. పక్కన ఇంకో కంప్యూటర్, ఇంకో నెట్, ఒక పెన్‌డ్రైవ్ ఉన్నవాడి మీద పడలేదు. బస్సెక్కి వెళ్ళి ఇంకొకరి కేబుల్ పీకాల్సినవాడి మీద పడింది. చివరికి 2022లో డెబియన్ సభ్యులు ఓటు వేసి తమ సామాజిక ఒప్పందాన్నే సవరించుకున్నారు. 2023 జూన్ 10న వచ్చిన డెబియన్ 12 నుంచీ ఫర్మ్‌వేర్ ఇన్‌స్టాలర్‌లోనే ఉంటోంది.

నేను ఆ ఓటు పక్షం. అయినా ఒక ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. ఇప్పుడు వైఫై పెట్టగానే వస్తుంది. వచ్చేదాన్ని విప్పి చూడాలని ఎవరికి అనిపిస్తుంది? ఫర్మ్‌వేర్ లోపల ఏముందో 2008లో ఎంత తెలుసో ఈరోజూ అంతే తెలుసు. అది లేనప్పుడు కనీసం అది లేదని తెలిసేది. 2008లో నాకు వైఫై వెంటనే వచ్చి ఉంటే నేను డీమెసేజ్ చదివేవాణ్ణా? ఈ ఉద్యోగంలో ఉండేవాణ్ణా? ఇది వాదన కాదని తెలుసు. నాకు బస్సు చార్జీలతో పోయింది, నాతో చదివిన ఇద్దరు మాత్రం అదే దశలో లినక్స్ వదిలేసి మళ్ళీ వెనక్కి చూడలేదు.

మొన్న దసరాకి ఇంటికి వెళ్ళినప్పుడు మా చిన్నాన్న కొడుకు తన ల్యాప్‌టాప్ పట్టుకొచ్చాడు. నంద్యాలలోనే ఇంజనీరింగ్ మూడో ఏడు. నా కాలంలో కర్నూలు జిల్లాలో ఉన్న నంద్యాల 2022 నుంచి తనే జిల్లా, వాడికి అది మొదట్నుంచీ అలాగే ఉన్నట్టు లెక్క. ఇప్పుడు ఇంటికి ఫైబర్ వచ్చింది. రౌటర్ ముందు గదిలో ఉంటుంది. మాది పాత రాతిగోడల మిద్దె, గోడ మందం మూరెడు. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ ఆ గోడ దాటదు, 2.4 ఈడ్చుకుంటూ దాటుతుంది. అందుకని వెనక గదికి ఒక కేబుల్ లాగించి ఉంచాను.

"అన్నా, నెట్ పోయింది" అన్నాడు.

"నెట్ ఎక్కడికీ పోలేదు రా" అన్నాను, నోరు తిరిగిన మాట. వాడికి అర్థం కాలేదు.

వాడు చెప్పిన లక్షణం విచిత్రంగా ఉంది. కేబుల్ పెడితే పేజీలు సగం వచ్చి ఆగిపోతున్నాయి, పీకేస్తే నెమ్మదిగానైనా వస్తున్నాయి. కేబుల్ పెట్టి ఉన్నా వైఫై గుర్తు నిండుగా కనబడుతోంది కాబట్టి నెట్ వైఫై మీదే నడుస్తోందని వాడి నమ్మకం. 'ఐపీ రూట్' కొట్టించాను. బయటికి రెండు దారులున్నాయి. కేబుల్ దారికి 100, వైఫై దారికి 600. నెట్‌వర్క్‌మేనేజర్ వేసే అంకెలివి, చిన్న అంకెదే పైచేయి. అంటే గాలి బాగున్నా బాగుండకపోయినా, తీగ తగిలించి ఉన్నంతసేపూ ల్యాప్‌టాప్ తీగనే నమ్ముతుంది. సగం తెగిన తీగనైనా సరే.

ముందు వైఫై సంగతి తేల్చుకున్నాం. కేబుల్ తీసి, 'ఆర్ఎఫ్‌కిల్' అడిగితే ఏ తాళమూ లేదు. సిగ్నల్ మైనస్ 79 డీబీఎం, అంటే గోడ అవతలినుంచి గొణుగుతున్నట్టు, కానీ ఉంది. రౌటర్‌కి పింగ్ వెళ్తోంది, బయట ఒక అంకెల అడ్రసుకి వెళ్తోంది, పేరుతో అడిగినా వెళ్తోంది. ఈ మూడూ ఇదే వరసలో అడగాలి. రౌటర్ పలికి బయటివాడు పలక్కపోతే తప్పు మన ఇంటి బయట. అంకెలకి పలికి పేరుకి పలక్కపోతే డీఎన్ఎస్ తప్పు. మేం గోడ పెట్టె, డీపీ డబ్బా, ఎక్స్‌ఛేంజి చూస్తున్నామని వాడికి చెప్పలేదు.

తర్వాత తీగ. నా కాలంలో దాని పేరు 'ఈత్0'. 2013 నుంచి ఏ స్లాటులో ఉందో పేరులోనే చెప్పే పద్ధతి వచ్చింది, వాడి దాంట్లో 'ఈఎన్‌పీ3ఎస్0'. పాత ట్యుటోరియల్ చూసి ఈత్0 కోసం వెతికి అసలు కార్డే లేదనుకున్నాడట, నవ్వలేదు నేను. 'ఈత్‌టూల్' అడిగితే లింక్ ఉంది, వేగం మాత్రం 1000కి బదులు 100. అక్కడే అనుమానం వచ్చింది. కేబుల్‌లో నాలుగు జతల తీగలుంటాయి. 100కి రెండు జతలు చాలు, 1000కి నాలుగూ కావాలి. రెండువైపులా గిగాబిట్ పోర్టులుండి 100 దగ్గర ఆగిందంటే ఏదో జత దెబ్బతిన్నదని ముందు అనుకోవాలి. డీమెసేజ్ నిండా లింక్ అప్, లింక్ డౌన్, మళ్ళీ అప్. పింగ్ పెడితే ప్రతి మూడిట్లో ఒకటి గల్లంతు.

కేబుల్ పదిహేను మీటర్లు. ఎక్కడని చూస్తాం? టెర్మినల్లో బెల్ ఆన్ చేసి, పింగ్‌కి 'ఏ' అనే ఆప్షన్ పెట్టి, సౌండ్ పెంచాం. జవాబు వచ్చినప్పుడల్లా కుయ్ మంటుంది. వాణ్ణి వెనక గదిలో ల్యాప్‌టాప్ దగ్గర కూర్చోబెట్టి నేను ముందు గదినుంచి కేబుల్ వెంట వంగి నడుస్తూ జానెడు జానెడు కదుపుతూ వచ్చాను. రౌటర్ దగ్గర బాగుంది. బీరువా వెనక బాగుంది. నడవా దాటాక గడప దగ్గర పట్టుకుని కాస్త వంచగానే కుయ్ ఆగిపోయింది.

"ఆగింది అన్నా! అక్కడే, అక్కడే!" అని లోపల్నుంచి కేక.

పోయినేడాది ఆ గడప మార్చి కొత్త రాయి వేయించారు. మేస్త్రీ కేబుల్‌ని గాడిలోంచి పోనివ్వకుండా రాతి కిందే పెట్టి కూర్చోబెట్టాడు. తోలు తీసి చూస్తే గోధుమ రంగు జత నలిగి తెగింది, ఆకుపచ్చది తెగడానికి సిద్ధంగా ఉంది. అక్కడికి కోసేసి, పక్క వీధి కేబుల్ టీవీ కుర్రాడి దగ్గర క్రింపింగ్ టూల్ అడిగి తెచ్చాం. తెలుపు నారింజ, నారింజ, తెలుపు ఆకుపచ్చ, నీలం, తెలుపు నీలం, ఆకుపచ్చ, తెలుపు గోధుమ, గోధుమ. మొదటిసారి నీలం రెండూ తారుమారయ్యాయి. రెండోసారి ఒక తీగ చివరిదాకా వెళ్ళలేదు. మూడోసారి మావాడే చేశాడు, ఈత్‌టూల్లో 1000 వచ్చింది.

కుయ్ కుయ్ మని ఇంకా మోగుతూనే ఉంది. వాడికి ఆపాలని లేదు. వంటింట్లోంచి అమ్మ, "ఆ పిట్టని ఆపుతారా లేదా?" అంది.